నది ఒడ్డున మనవలతో కారవాన్ సెలవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని, మావారూ నేనూ ఏటా కొన్ని రోజులు నది ఒడ్డున కారవాన్‌లో గడుపుతున్నాము. మనవడికి తొమ్మిదేళ్ళు, మనవరాలికి ఆరేళ్ళు. మా వయసు వారు, ఇలా వెళ్ళాలని ఆశ ఉండి కూడా జంకుతున్న వారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నీరు, గ్యాస్, ప్రయాణం అనే మూడింటి విషయంలో ముందుగానే గట్టి కట్టుబాట్లు పెట్టుకుంటేనే మిగిలిన రోజంతా తీరికగా గడుస్తుందని నా అనుభవం. అందుకే ఆ మూడింటి గురించి ఎక్కువగా రాశాను.

కారవాన్ అంటే సరిగ్గా ఏమిటి? ఏ రకం బండి తీసుకోవాలి?

ఎడారి దారుల్లో గుంపుగా సాగే వర్తకులను పారసీకంలో కార్వాన్ అనేవారు. మన భాషలో దానికి బిడారు అనే చక్కటి మాట ఉంది. కాలక్రమంలో ఆ పేరు చక్రాల మీద కదిలే చిన్న ఇంటికి స్థిరపడింది. కేవలం విహారం కోసం తయారైన తొలి కారవాన్‌గా పేరు పొందినది 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు కట్టించుకున్న ‘వాండరర్’. దానిని గుర్రాలు లాగేవి.

ఇప్పుడు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కారు వెనుక తగిలించి లాగేది, రెండవది సొంత ఇంజనుతో నడిచేది. రోజుకో ఊరు తిరిగే వారికి రెండవది అనుకూలంగా ఉంటుంది. పిల్లలతో ఒకే చోట వారం రోజులు ఉండాలనుకునే వారికి మాత్రం నేను మొదటి రకాన్నే సూచిస్తాను. పిల్లవాడికి అర్ధరాత్రి జ్వరం వస్తే ఇల్లంతా సర్దుకుని కదలనవసరం లేకుండా, కారు ఒక్కటే తీసుకుని వైద్యుడి దగ్గరకు వెళ్ళవచ్చు. సొంతంగా కొనే ముందు ఒకసారి అద్దెకు తీసుకుని చూడడం మంచిది.

ఎంత దూరం వెళ్ళాలి? ఎన్ని రోజులు ఉండాలి?

దగ్గరకు వెళ్ళండి, ఎక్కువ రోజులు ఉండండి. కారులో మూడు గంటలు దాటితే పిల్లల ఓపికతో పాటు మన ఓపిక కూడా అయిపోతుంది. మొదటి రోజు పిల్లలకు అంతా కొత్తే. రెండవ రోజు అన్నీ అడుగుతారు. మూడవ రోజుకు ఏ చెట్టు వేరు మీద కూర్చుంటే నది వంపు కనిపిస్తుందో వాళ్ళే మనకు చూపిస్తారు. మూడవ రోజు ఉదయమే సామాను సర్దుకుని మరో చోటికి బయలుదేరే ప్రయాణాలలో ఈ దశ రానే రాదు. నాలుగు రాత్రుల కంటే తక్కువైతే పడిన శ్రమకు తగిన ఫలితం దక్కదని నా అభిప్రాయం.

కారవాన్‌లో సామాను ఎలా సర్దాలి?

బరువైన వస్తువులు కింద, ఇరుసుకు దగ్గరగా ఉండాలి. తేలికైనవి పై అలమరలలో పెట్టుకోవచ్చు. వెనుక భాగంలో బరువు ఎక్కువైతే కారవాన్ రోడ్డు మీద పాములా మెలికలు తిరగడం మొదలుపెడుతుంది. కారు కొక్కెం మీద పడే బరువు యూరప్ తరహా కారవాన్లకు మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం వరకు, అమెరికా తరహా ట్రెయిలర్లకు 10 నుంచి 15 శాతం వరకు ఉండాలని సాధారణంగా చెబుతారు. అయితే మీ కారుకూ కారవాన్‌కూ తయారీదారు ఇచ్చిన పరిమితులే చివరి మాట. లీటరు నీరు కిలో బరువు కనుక, నీటి ట్యాంకును వెళ్ళిన చోట నింపుకోవడమే మేలు. ఎప్పుడైనా బండి ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు వేయకుండా, స్టీరింగును అటూ ఇటూ తిప్పకుండా, యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి వేగం తగ్గనివ్వాలి.

దారిలో పిల్లలు వెనుక కారవాన్‌లో పడుకుని రావచ్చా?

రాకూడదు. లాగుతున్న కారవాన్‌లో మనుషులు కూర్చోవడం చాలా దేశాలలో చట్టవిరుద్ధం. చట్టం లేని చోట కూడా ప్రమాదం అంతే ఉంటుంది. పిల్లలు కారులో, వారి ఎత్తుకు తగిన సీటులో, బెల్టు పెట్టుకుని కూర్చోవలసిందే.

నది ఒడ్డున ఎక్కడ నిలపాలి?

అందరూ నీటికి అతి దగ్గరగా ఉన్న చోటే కోరుకుంటారు. పిల్లలు వెంట ఉన్నప్పుడు నేను దానిని కోరుకోను. నది కనిపించాలి, దాని చప్పుడు వినిపించాలి, కానీ తలుపు తెరిచిన పిల్లవాడు నీటిని చేరే లోపు మనం లేచి అతన్ని అందుకోగలిగినంత దూరం మధ్యలో ఉండాలి. నిద్ర మత్తులో బయటకు వచ్చే పిల్లల సంగతి కూడా తలచుకోండి.

చేరగానే ఒడ్డును కాసేపు పరిశీలించండి. పొదల కొమ్మలకు చిక్కుకుని ఎండిపోయిన గడ్డి, ప్లాస్టిక్ పీలికలు కనిపిస్తే, గత వరదలో నీరు అంత ఎత్తుకు వచ్చిందని అర్థం. ఆ గీతకు పైన నిలపాలి. వాన వస్తే మెత్తబడే నేలలో చక్రాలు దిగబడతాయి. పెద్ద చెట్టు నీడ హాయిగా ఉంటుంది కానీ, ఎండు కొమ్మలు వేలాడుతున్న చెట్టు కింద రాత్రి పడుకోకూడదు.

నిలిపాక ముందు పక్కల మట్టం చూసుకోవాలి. పల్లంగా ఉన్న చక్రం కింద వాలు దిమ్మ పెట్టి ఎత్తాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, ఆ తరువాత ముందున్న చిన్న చక్రంతో ముందువెనుకల మట్టం సరిచేయాలి. నాలుగు మూలల కాళ్ళు కారవాన్ కదలకుండా పట్టి ఉంచడానికే తప్ప, దానిని పైకి లేపడానికి కాదు. రసమట్టంలో గాలి బుడగ మధ్యకు వచ్చిందో లేదో చూసి చెప్పే పని మా మనవరాలిది. కన్ను దగ్గరగా పెట్టి, ఊపిరి బిగబట్టి, “ఇంకొంచెం, తాతయ్యా, ఇంకొంచెం” అని చెబుతుంది. ఆ అమ్మాయి ‘చాలు’ అనేదాకా ఆయన ఆ చిన్న చక్రం పిడి తిప్పుతూనే ఉంటారు.

రాత్రివేళ నీరు పెరిగితే ఎలా తెలుస్తుంది?

మీరున్న చోట ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన కురిసిన వాన కొన్ని గంటల తరువాత మీ దగ్గరకు చేరుతుంది. అందువల్ల వాతావరణ సమాచారం మీ ఊరికి మాత్రమే కాక నది ఎగువ ప్రాంతానికి కూడా చూసుకోవాలి. పైన ఆనకట్ట ఉంటే నీరు ఎప్పుడు వదులుతారో, హెచ్చరికగా ఏ సైరన్ మోగుతుందో క్యాంపు నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి. తేటగా ఉన్న నీరు మట్టి రంగుకు మారడం, పుల్లలూ ఆకులూ గుంపులుగా కొట్టుకురావడం, నది చప్పుడు మారడం కొత్త నీరు వస్తోందనడానికి గుర్తులు.

ఒకసారి మేము సాయంత్రం కూర్చున్న కుర్చీలను నీటి అంచున అలాగే వదిలి పడుకున్నాము. రాత్రి వాన చినుకైనా లేదు. తెల్లవారి చూస్తే రెండు కుర్చీలు లేవు, మూడవది కాళ్ళ వరకు బురద నీటిలో నిలబడి ఉంది. పోయినవి కుర్చీలే కనుక సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకునే ముందు టార్చి వేసి చూస్తాము. పుల్ల మొదలు నీటిలోకి వెళ్ళి ఉంటే సామాను లోపల పెట్టుకుని, కారును కారవాన్‌కు తగిలించి సిద్ధంగా ఉంచుతాము. వేగంగా పారే వరద నీరు 15 సెంటీమీటర్ల లోతులోనే పెద్దవారిని పడగొట్టగలదు. 30 సెంటీమీటర్ల నీరు చిన్న కారును, 60 సెంటీమీటర్ల నీరు చాలా రకాల వాహనాలను కొట్టుకుపోయేలా చేయగలదు. కనుక దారి మీద నీరు పారుతుంటే దాటే ప్రయత్నం చేయవద్దు. నీరు దారిని చేరక ముందే బయలుదేరాలి.

నీటి దగ్గర పిల్లలను ఎలా కాచుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవగల సమయం మీకుంటే, దీన్నే చదవండి.

మునిగిపోతున్న పిల్లవాడు సాధారణంగా అరవడు, చేతులు ఊపడు. నోరు నీటి మట్టానికి పైకీ కిందకీ అవుతుంటే ఊపిరి పీల్చుకోవడానికే వ్యవధి చాలదు, కేకకు అసలే ఉండదు. చేతులు నీటిని కిందకు నొక్కుతూ ఉంటాయి కనుక పైకి లేవవు. ఇలా పూర్తిగా మునిగిపోయే ముందు 20 నుంచి 60 సెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుందని చెబుతారు. దూరం నుంచి చూసేవారికి ఆ పిల్లవాడు నిలబడి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అందుచేత ‘ఏదైనా అయితే వినిపిస్తుందిలే’ అనే ధీమా నది దగ్గర పనికిరాదు.

పెద్దవారు నలుగురున్న చోట ప్రమాదం తగ్గుతుందనుకుంటాము. నిజానికి ప్రతి ఒక్కరూ మిగతావారు చూస్తున్నారనుకోవడం వల్ల ఎవరూ చూడని నిమిషాలు అక్కడే వస్తాయి. మా ఇంట్లో దీనికి ఒక పద్ధతి ఉంది. ఒక ఎర్ర తువ్వాలు ఎవరి భుజం మీద ఉంటే వారిదే నీటి కాపలా. ఆ తువ్వాలు ఉన్నంతసేపు పుస్తకం లేదు, ఫోను లేదు, వంట లేదు. అరగంటకొకసారి తువ్వాలును చేతికి ఇచ్చి, “ఇక మీరు చూడండి” అని నోటితో చెప్పి, అవతలివారు “చూస్తున్నాను” అన్న తరువాతే మొదటివారు లేస్తారు. ఆరేళ్ళ పిల్ల చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి.

నీటి అంచున ఆడుకునే పిల్లలకు, ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ వేయండి. అది పిల్లల బరువుకు సరిపోవాలి. భుజాల దగ్గర పట్టి పైకి లాగినప్పుడు గడ్డం మీదకు జారకూడదు. చిన్న పిల్లలకు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే కొనాలి. గాలి నింపే బొమ్మలు, ట్యూబులు రక్షణ సాధనాలు కావు. గాలికీ ప్రవాహానికీ అవి పిల్లలతో సహా కొట్టుకుపోతాయి.

ఎవరైనా నీటిలో పడితే వెంటనే దూకాలనిపిస్తుంది. మన వయసులో ఆ పని చేస్తే కాపాడవలసిన వారు ఇద్దరవుతారు. ముందు కేక వేసి సహాయం పిలవాలి, ఒడ్డున పడుకుని కర్రో తువ్వాలో అందించాలి, అందకపోతే తాడు గానీ తేలే వస్తువు గానీ విసరాలి. అందుకే కారవాన్ తలుపు పక్కన ఒక పొడవాటి తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా మేము ఎప్పుడూ ఉంచుతాము.

అయితే పిల్లలను అసలు నీటిలోకి దిగనివ్వకూడదా?

తప్పకుండా దిగనివ్వాలి, చోటు చూసి దిగనివ్వాలి. నది మలుపు తిరిగే చోట బయటి వంపు వైపు ప్రవాహం వేగంగా ఉండి, ఒడ్డును కోసి లోతు చేస్తుంది. లోపలి వంపు వైపు వేగం తగ్గి ఇసుక మేట వేస్తుంది. పిల్లల ఆటకు లోపలి వంపే తగినది. ముందు పెద్దవారు కర్రతో అడుగు చూసుకుంటూ నడిచి, పిల్లలకు మోకాలి లోతు దాటని హద్దును రాళ్ళతో గుర్తు పెట్టాలి. చిన్న ఆనకట్టల దిగువన తెల్లగా పొంగే నీరు అందంగా ఉంటుంది కానీ, అది మనిషిని మళ్ళీ మళ్ళీ లోపలికే లాక్కుంటుంది. అటువంటి చోటుకు వెళ్ళకూడదు. ఎండ మండుతున్నా నీరు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఒక్కసారిగా దిగిన వారికి ఊపిరి ఎగదన్నుతుంది. కాళ్ళు, చేతులు, ముఖం తడుపుకుంటూ మెల్లగా దిగాలి.

ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. కోతలు, గీరుడు గాయాలు ఉంటే నీరు తగలని ప్లాస్టరు వేసి, ఆట తరువాత శుభ్రమైన నీటితో చేతులు కడిగించి, ఆ పైన తినడానికి ఇవ్వండి.

గ్యాస్ విషయంలో ఏం జాగ్రత్త పడాలి?

వంట గ్యాస్ గాలి కంటే బరువైనది కనుక కారితే నేల మీద పేరుకుంటుంది. అది బయటకు పోవడానికే కారవాన్ నేలలో రంధ్రాలు ఉంచుతారు. చలిగాలి వస్తోందని వాటిని చాపతోనో గుడ్డతోనో మూయకూడదు. చలి ప్రాంతాలకు వెళ్ళేవారు ప్రొపేన్ అనే రకం గ్యాస్ సిలిండర్ తీసుకోవాలి. ప్రొపేన్ సున్నాకు దిగువన సుమారు 42 డిగ్రీల వరకు ఆవిరి అవుతుంది, బ్యూటేన్ అనే మరో రకం మాత్రం సున్నా దగ్గరే ఆగిపోతుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గుల కుంపటిని కారవాన్ లోపలికి గానీ, దానికి ఆనించి కట్టిన గుడారంలోకి గానీ తీసుకురాకూడదు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా గంటల తరబడి ఆ వాయువును వదులుతూనే ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారం, పొగ అలారం రెండూ ఉండాలి, చేరిన రోజే బటన్ నొక్కి పనిచేస్తున్నాయో లేదో చూడాలి. అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే కారణం ఆలోచిస్తూ కూర్చోకుండా ముందు అందరూ బయటకు రావాలి.

ఫ్రిజ్‌లో మందులు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, ఒక థర్మామీటర్ తోడు ఉంచండి. చాలా కారవాన్ ఫ్రిజ్‌లు మోటారుతో కాక, అమ్మోనియా ద్రావణాన్ని వేడి చేయడం ద్వారా చల్లదనాన్ని పుట్టిస్తాయి. ఆ ద్రావణం తనంతట తాను కిందకు పారాలి కనుక బండి మట్టంగా లేకపోతే ఫ్రిజ్ సరిగా పనిచేయదు. బయలుదేరే ముందు రోజు రాత్రే దానిని నడిపి చల్లబరచాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వెనుక పలకకు తగిలేలా పెడితే గడ్డకట్టి పాడైపోతుంది. మా మందుల డబ్బాను పిల్లలకు అందని పై అలమరలో, తాళం వేసి ఉంచుతాము. ఇంట్లో పాటించే జాగ్రత్తను అంత చిన్న చోట మరిచిపోవడం చాలా సులభం.

పిల్లలను రోజంతా ఎలా కాలక్షేపం చేయించాలి?

మనం చేయించనవసరం లేదు, నది చేయిస్తుంది. మన పని వారితో పాటు కూర్చోవడం.

మా మనవడు ఒక ఉదయం గడ్డి పోచకు అతుక్కున్న గోధుమరంగు పురుగును తెచ్చి, “అమ్మమ్మా, ఇది చచ్చిపోయింది” అన్నాడు. అది పురుగు కాదు, తూనీగ వదిలేసిన పొర. తూనీగ పిల్లగా ఉన్నప్పుడు నెలల తరబడి, కొన్ని జాతులలో ఏళ్ళ తరబడి నీటి అడుగునే బతికి, ఒక రోజు పోచ పట్టుకుని పైకి వచ్చి, వీపు చీల్చుకుని రెక్కలతో బయటకు వస్తుంది. ఆ పొరను అరచేతిలో పెట్టుకుని చూస్తే వీపు మీద సన్నని చీలిక, ఆ చీలికలోంచి వేలాడే తెల్లటి దారాలు కనిపించాయి. ఆ దారాలు దాని ఊపిరి గొట్టాల లోపలి పొరలు. ఆ రోజు మధ్యాహ్నం వరకు వాడు అలాంటివి పదిహేడు సేకరించాడు.

తేటగా పారే చోట రాయిని తిరగేస్తే, ఇసుక రేణువులను పట్టు దారంతో అంటించుకుని గొట్టం కట్టుకున్న క్యాడిస్ పురుగులు దొరుకుతాయి. చూసిన తరువాత రాయిని మళ్ళీ అలాగే బోర్లించడం పిల్లలకు నేర్పాలి, ఎందుకంటే అది వాటి ఇల్లు. కొంచెం పెద్ద పిల్లలతో ప్రవాహ వేగం కొలవవచ్చు. ఒడ్డు వెంబడి పది మీటర్లు కొలిచి, పుల్లను వదిలి సెకన్లు లెక్కపెట్టాలి. ఇరవై సెకన్లు పడితే వేగం సెకనుకు అర మీటరు. మరుసటి రోజు కొలిస్తే లెక్క మారుతుంది, అప్పుడు ఎందుకు మారిందని వాళ్ళే అడుగుతారు.

చదునైన రాయిని నీటి మీద గంతులు వేయించడం మావారి విద్య. రాయి నీటిని సుమారు 20 డిగ్రీల వాలుతో తాకితే ఎక్కువ గంతులు వేస్తుందని 2004లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపారు. 2013లో కర్ట్ స్టైనర్ అనే అమెరికన్ 88 గంతులు వేయించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మా ఇంటి రికార్డు ఏడు.

వాన పడితే?

వాన రోజు వృథా అయినట్టు కాదు. కారవాన్ కప్పు మీద చినుకుల మోత వింటూ ముణగదీసుకుని కూర్చోవడం మా మనవరాలికి నది కంటే ఇష్టం. పేక, గవ్వలు, రంగు పెన్సిళ్ళు, పెద్దగా చదివి వినిపించే పుస్తకం ఒకటి ఉంటే సాయంత్రమవుతుంది. ఉరుములు వినిపిస్తే మాత్రం అందరూ వెంటనే నీటి నుంచి బయటకు వచ్చి లోపల ఉండాలి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి.

పిల్లలు ఎక్కడ పడుకోవాలి?

అంతస్తుల పడకలలో పైది ఆరేళ్ళు దాటిన వారికే ఇవ్వాలి, పక్క కడ్డీ తప్పక ఉండాలి. రాత్రి లేచినప్పుడు దారి కనిపించేలా చిన్న దీపం, తలుపు పైన పిల్లలకు అందని గొళ్ళెం ఏర్పాటు చేసుకోండి.

వాడిన నీటిని, టాయిలెట్‌ను ఏం చేయాలి?

వాడిన నీటిని డబ్బాలో పట్టి, క్యాంపులో అందుకు కేటాయించిన చోట పోయాలి. టాయిలెట్ క్యాసెట్, అంటే మలినం చేరే పెట్టె, ఖాళీ చేయడానికి వేరే స్థలం ఉంటుంది. ఏదీ నదిలోకి పోకూడదు. పర్యావరణానికి హాని చేయనిదని సీసా మీద రాసి ఉన్న సబ్బు కూడా నదిలో వాడకూడదు.

పిల్లల తల్లిదండ్రులతో ముందుగా ఏం మాట్లాడుకోవాలి?

అలర్జీలు, వాడుతున్న మందుల మోతాదులు, అత్యవసర చికిత్సకు సమ్మతి తెలిపే సంతకం చేసిన లేఖ, బీమా కాగితాల నకళ్ళు తీసుకోండి. ఈత విషయంలో వారి హద్దు ఏమిటో అడగండి. అది మన హద్దు కంటే కఠినంగా ఉంటే వారి మాటే పాటించాలి, ఎందుకంటే మనకు మనవలను అప్పగించడమే పెద్ద నమ్మకం. ఫోను వాడకం గురించి కూడా ముందే ఒక మాట అనుకుంటే మంచిది. మేము రాత్రి భోజనమయ్యాక అమ్మానాన్నలతో మాట్లాడడానికి మాత్రమే ఇస్తాము.

మాకే అలసట వస్తే?

వస్తుంది, దానికి సిగ్గుపడనవసరం లేదు. మధ్యాహ్నం గంటన్నర అందరూ లోపల ఉండాలని, నిద్ర రాకపోయినా మాట్లాడకుండా పడుకోవాలని మొదటి రోజే నియమం పెట్టండి. అలసిన కళ్ళతో నీటి కాపలా కాయలేము. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు మెట్టు ఎక్కడానికి చేతి కడ్డీ ఉన్న బండినే ఎంచుకోవాలి. ఒంట్లో బాగాలేని రోజు నీటి ఆట రద్దు చేసి, ఆ మాట పిల్లలకు సూటిగా చెప్పండి. నిజం చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు.

తిరుగు ప్రయాణానికి ముందు ఏం చూసుకోవాలి?

గ్యాస్ సిలిండర్ వాల్వు మూసేయాలి. కిటికీలు, కప్పు మీది తలుపు, ఫ్రిజ్ తలుపు గొళ్ళేలు వేయాలి. నీరు ఖాళీ చేసి, కరెంటు తీగ చుట్టి, మెట్టు లోపల పెట్టి, మూలల కాళ్ళు పైకి ఎత్తాలి. కొక్కెం బిగిసిందా, కారవాన్ కారు నుంచి విడిపోతే బ్రేకు వేసి ఆపే తీగ తగిలించామా, వెనుక దీపాలు వెలుగుతున్నాయా అన్నది ఇద్దరూ విడివిడిగా చూడాలి. మా ఇంట్లో మూడవసారి చూసేది మనవడు. జాబితా చేతిలో పట్టుకుని బండి చుట్టూ తిరిగి, ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టి తాతయ్యకు ఇస్తాడు. ఒక ఏడాది మేమిద్దరం చూసీ చూడని పైకప్పు తలుపును తెరిచి ఉన్నట్టు కనిపెట్టింది వాడే.